కాగితపు విమానము

పాత కాగిత మొకటి నిలువునా మడిచి, పై కొనలు రెండింటిని ఆ మడతకు చేర్చి, రెక్కలు విప్పినచో, నాలుగేండ్ల శిశువునకు విమానము సిద్ధమగును. 2008 మార్చిలో బేగంపేటనుండి ప్రయాణికుల విమానములు శంషాబాదునకు తరలివచ్చిన నాటినుండి ఇచ్చటి మేడలపై నిజవిమానములు నిత్యదృశ్యములే. అయినను బాలుని దృష్టి ఆకసమున గాక తండ్రి వ్రేళ్లపైననే నిలుచుట వింత గొల్పును. ముక్కు బరువైనచో నేలకు దిగును, తేలికైనచో పైకెగసి తటాలున కూలును. ఆ తూకమును తండ్రీబిడ్డలు నట్టింట కూర్చుండి మడతమడతకు కనుగొందురు. తాటాకు మడిచి గాలిమర చేసి యిచ్చిన మా తండ్రి మాటలు మరచితిని గాని, ఆ చేతుల నేర్పు నా చేతులలో మిగిలియున్నది. పితృవాత్సల్యమునకు మాట తక్కువ, పని యెక్కువ కాబోలు. తీరిక దొరికిన సాయంకాలమున బిడ్డ ప్రక్కన కూర్చుండి కాగితము మడుచుటయే దానికి చాలినంత భాష.