తొమ్మిదో మనిషి దొరకలేదట!

విన్నారా వదినగారూ, మా చిన్నాడు జ్యూరీకి వెళ్ళొచ్చాడు! శాన్‌హోజేలో ఉంటాడే, వాడేనండీ. అక్కడి పౌరసత్వం అలా వచ్చిందో లేదో, కోర్టు నుంచి కాగితం ఇలా వచ్చింది. కంగారు పడకండి, హత్య కేసేం కాదు. రెండు కార్లు గుద్దుకున్నాయి, తప్పు నీదంటే నీదని నష్టపరిహారం దావా.

ఆ కరివేపాకు రెమ్మ ఇలా అందించండి, చెబుతా.

సాక్ష్యాలన్నీ అయ్యాక పన్నెండు మందినీ ఓ గదిలో పెట్టి తలుపేశారట. కేసు నడిచినన్నాళ్ళూ ఇంట్లో పెళ్ళాంతో కూడా ఆ ఊసెత్తకూడదు. కాలిఫోర్నియాలో సివిల్ దావాకి పన్నెండు మందిలో తొమ్మిది మంది ఒక మాట మీదుంటే చాలు, తీర్పు వచ్చేసినట్టే. వీళ్ళేమో ఎనిమిది మంది అటు, నలుగురు ఇటు. ఎంత వాదించుకున్నా ఆ తొమ్మిదో మనిషి దొరకలేదు!

అయ్యో, బొమ్మా బొరుసూ వేయకూడదండీ. అలా తేల్చారని బయటపడితే ఆ తీర్పు కొట్టేసి మళ్ళీ విచారణ పెట్టొచ్చు.

చివరికి జడ్జికి చీటీ పంపారు. ఆయన పిలిచి, ఇంకాస్త మాట్లాడుకుంటే కుదురుతుందా అని అడిగాడు. ఎక్కడ పీటముడి పడిందో చెబితే చట్టం మళ్ళీ విడమరిచి చెప్పొచ్చు, లాయర్ల చేత ఆ ఒక్క విషయం మీద ఇంకోసారి వాదింపజేయొచ్చు. ఫలానా వైపు మొగ్గండి అని మాత్రం అనకూడదు. అంతా అయినా లాభం లేకపోయేసరికి, మిస్‌ట్రయల్ అని ప్రకటించి అందర్నీ ఇళ్ళకు పంపేశాడు.

ఎవరు గెలిచారంటారా? ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు. ముక్కలు కలిపేసి మళ్ళీ పంచినట్టు, కొత్త జ్యూరీతో కేసు మొదటికి. సాక్షులు మళ్ళీ రావాలి, లాయర్లకూ సాక్ష్యం చెప్పే డాక్టర్లకూ మళ్ళీ పోయాలి. ఆ ఖర్చుకు జడిసి రాజీకొచ్చేవాళ్ళూ ఉంటారు. అందుకే బయటికి రాగానే రెండువైపుల లాయర్లూ మావాడి చుట్టూ చేరారట, ఎవరెటున్నారో కూపీ లాగడానికి. చెప్పడం, మానడం వీడిష్టం. ఎనిమిది, నాలుగు అని తెలిస్తే బేరంలో ఎవరి చేయి పైనో తెలిసిపోతుందిగా!

అన్నిచోట్లా ఇదే లెక్క కాదు. న్యూయార్క్‌లో ఆరుగురే కూర్చుంటారు, ఐదుగురు కలిస్తే చాలు. టెక్సస్ జిల్లా కోర్టులో పన్నెండుకి పదిమంది కలవాలి. ఫెడరల్ కోర్టులోనైతే, ఇరుపక్షాలూ వేరే ఒప్పందం చేసుకుంటే తప్ప అందరిదీ ఒకే మాట కావాలి. ఒక్కరు మొండికేసినా అంతే సంగతులు.

మన దగ్గరా ఒకప్పుడు జ్యూరీ ఉండేది. 1959లో బొంబాయిలో నానావతి మీద నడిచిన హత్య కేసులో తొమ్మిది మందిలో ఎనిమిది మంది అతను నిర్దోషి అన్నారు, జడ్జికి నచ్చక హైకోర్టుకు పంపారు. ఆ తర్వాత జ్యూరీలే పోయాయి. ఇప్పుడు పొలంగట్టు తగాదా అయినా తేల్చేది జడ్జిగారే, తేలేదాకా వాయిదాలే.

మా ఆయన ఆ నలుగురి మీద ఒకటే విసుగు, అందరి పనీ చెడగొట్టారని. నేనొప్పుకోను. ఇంటికి పోదామన్న తొందరలో మనసొప్పకుండా చేయెత్తితే, డబ్బు కట్టేవాడి గతేం కాను?

అన్నట్టు, మీ అమ్మాయికి గ్రీన్‌కార్డేగా? పొరపాటున ఆ జ్యూరీ కాగితం వస్తే పారేయొద్దనండి. పౌరురాలిని కానని రాసి తిప్పి పంపమనండి.