ఫోర్లీ పట్టణంలో ఒక కూడలి

ఇటలీలో బొలోన్యా నుండి రిమినీ వైపు వెళ్ళే రైలెక్కితే ఫోర్లీ అనే పట్టణం వస్తుంది. రోముకీ, అస్సీసీకీ పోయే యాత్రికులు ఇక్కడ దిగడం తక్కువ. అయితే ఇంట్లో క్యాన్సరు రోగి ఉన్నవారికి ఈ ఊరి పేరు తెలుసు. పునీత పెరిగ్రీను భౌతికకాయం ఇక్కడి దేవాలయంలోనే ఉంది.

యౌవనంలో పెరిగ్రీను పోపుగారిని ఎదిరించిన పక్షంవాడు. సమాధానపరచ వచ్చిన ఫిలిప్పు బెనిజీ అనే గురువు చెంప పగలగొట్టాడట. ఆయన రెండవ చెంప చూపాడు! ఆ తర్వాత మనసు మారి, పెరిగ్రీను ఆ గురువుగారి సభలోనే, అంటే మరియమాత సేవకుల సభలోనే చేరాడు. ముప్పయి ఏండ్లు కూర్చోకుండా తపస్సు చేశాడంటారు. అరవయ్యో ఏట కాలికి గడ్డ లేచి, పుండై, కుళ్ళింది. కాలు తీసివేయాలన్నాడు వైద్యుడు. పెరిగ్రీను ఒప్పుకున్నాడు. ఈ మాట చాలామంది గమనించరు. ఆ రాత్రి ఈడ్చుకుంటూ వెళ్ళి సిలువ చిత్రం ముందు ప్రార్థిస్తూ నిద్రపోయాడు. తెల్లవారి వచ్చిన వైద్యునికి పుండు జాడే లేదని సంప్రదాయం. 1345లో మరణించిన ఆయనను 1726లో పునీతునిగా ప్రకటించారు.

దేవాలయం ఉన్న కూడలి పేరు మొర్గాన్యీ. 1682లో ఈ ఊళ్ళోనే పుట్టిన వైద్యుడాయన. వందలాది శవాలను పరీక్షించి, రోగానికి శరీరంలో ఒక స్థానం ఉంటుందని 1761లో గ్రంథం వెలువరించాడు. పునీతుని వాకిట్లో వైద్యుని పేరు!

క్యాన్సరు దానంతటదే కరగడం వైద్యులు ఎరిగినదే. 1966లో ఎవర్సన్, కోల్ అనే అమెరికా వైద్యులు 1900 నుండి అచ్చయిన కేసులను జల్లెడపట్టి 176 మాత్రమే నమ్మదగినవన్నారు. ఎముక క్యాన్సరు ఊపిరితిత్తులకు పాకి కరిగినవి మరీ అరుదు. కాలి రక్తం గుండె చేరి, అక్కడినుండి ముందు ఊపిరితిత్తులకే పోతుంది. గడ్డనుండి విడిన కణాలు ఆ సన్నని నాళాలలో చిక్కుకుంటాయి. అందుకే అవి ముందు అక్కడికే పాకుతాయి.

మన ఊళ్ళలో మోకాలి దగ్గర వాపు వచ్చిన పిల్లవానికి నాటుకట్టు కట్టించి, కాలు తీస్తారేమోనని నెలలు గడిపే తలిదండ్రులున్నారు. ఈనాడు మందులతో గడ్డను అణచి, ఆ ఎముక ముక్క మాత్రమే తీసి, చాలామందికి కాలు నిలుపుతున్నారు. పాకక ముందే పట్టుకొని మంచి వైద్యం అందిస్తే ముగ్గురిలో ఇద్దరు దాకా బ్రతుకుతున్నారు. ఆ నెలలే పిల్లవాని ప్రాణం.

ఫోర్లీ వెళ్ళదలచినవారు మే 1న వెళ్ళండి. ఆ రోజు పునీతుని పండుగ. వీధులలో మాదీఫలాలు రాశులు పోసి అమ్ముతారు.