కాచిగూడ డాబాలు - తార్నాక వేపచెట్టు

కాచిగూడ స్టేషను 1916 నాటిది. దాని గుమ్మటాల అందం చాలామంది వర్ణించారు కనుక నేను ఆ జోలికి పోను. చుట్టుపక్కల డాబాలు చూడండి. ప్రతి నీళ్ళ ట్యాంకు పక్కనా ఒక డిష్షు, దక్షిణానికో ఆగ్నేయానికో మొహం పెట్టి, సాయంత్రం భోజనాల వేళకు సీరియలు అందించడానికి సిద్ధంగా ఉంటుంది.

తార్నాకలో మా పిన్ని ఇంట టీవీలో బొమ్మ ముక్కలు ముక్కలవుతోందట. ఎవరో మెకానిక్కు వచ్చి చూసి, "ఎదురుగా చెట్టుందమ్మా, కొట్టించెయ్యండి" అని చక్కాపోయాడు. అది మా బాబాయి తన చేతులతో నాటిన వేపచెట్టు. ఆయన లేరు. మర్నాడు గొడ్డలివాడు వస్తాడని తెలిసి, మా పేటలో డిష్షులు బాగుచేసే కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని బయలుదేరాను.

ముందు కోఠీ గుజరాతీ గల్లీ. రేడియో, టీవీల విడిభాగాలకు అదే పుట్టినిల్లు. అక్కడ కుర్రవాడు ఒక ఎల్‌ఎన్‌బీ, రెండు బారల తీగ, నాలుగు కనెక్టర్లు కొన్నాడు.

"ఇవన్నీ బిగిస్తావా?"

"బిగించనీకి కాదు సార్, పరీక్ష చేయనీకి."

విద్యానగరం, అడిక్‌మెట్ దాటి ఉస్మానియా ఆవరణలోకి వచ్చేసరికి ప్రాణం లేచివచ్చింది. 1939లో ప్రారంభమైన ఆర్ట్సు కళాశాల ముందు ఎంతసేపు నిలబడ్డా తనివి తీరదు. కాని పని మీద ఉన్నాం. తార్నాక నుంచి ఇంకా ముందుకు పోతే ఇ.సి.ఐ.ఎల్. వస్తుంది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టెలివిజన్ చూపించారు. మన పల్లెలూ అందులో ఉన్నాయి. ఆ సెట్లు తయారుచేసింది ఈ సంస్థే. అప్పటి డిష్షు కోళ్ళగూటి తీగవలతో అల్లిన పదడుగుల గొడుగు!

పిన్ని డాబా మీద డిష్షు సరిగ్గా వేపకొమ్మల వంక చూస్తున్నట్టే ఉంది. కుర్రవాడు నవ్వాడు. ఈ రకం డిష్షు మొహం వాల్చుకుని కనిపిస్తుందే గాని, చూపు అంతకంటే ఇరవై డిగ్రీలకు పైగా ఎత్తున ఉంటుందట. 93.5 డిగ్రీల తూర్పున ఉన్న ఉపగ్రహం మన ఊరి నుంచి ఆకాశంలో రమారమి 63 డిగ్రీల ఎత్తు. చెట్టు ఆ దారికి చాలా కిందనే ఉంది.

మీటరు పెట్టాడు. సిగ్నలు బలం ఫరవాలేదు. నాణ్యం మాత్రం 20 దగ్గర ఊగిసలాడుతోంది. బలంలో రొద కూడా లెక్కకొస్తుంది, బొమ్మ నిలిచేది నాణ్యం మీదనే. ఎల్‌ఎన్‌బీ మార్చాడు. అదే 20. పాతదే మళ్ళీ పెట్టి, ఇంట్లోకి పోయే తీగ విప్పేసి, కొత్త తీగముక్కతో మీటరుకు కలిపాడు. 70! ఒకసారికి ఒక్కటే మార్చడం నాకు బాగా నచ్చింది. రెండూ కలిపి మార్చివుంటే దొంగ ఎవరో తెలిసేది కాదు.

పిట్టగోడ కింద పాత కనెక్టరు విప్పితే లోపల నీళ్ళు, రాగితీగ నిండా పచ్చని చిలుము.

"చెట్టేం చెయ్యలేదా నాయనా?" అంది పిన్ని, రెండోసారి.

"లేదమ్మా."

ఆమె అప్పుడే గొడ్డలివాడికి ఫోను చేసింది. కుర్రవాడు పాడైన మేర కోసేసి, కొత్త కనెక్టరుకు రబ్బరు టేపు చుట్టి, తీగను కిందికి ఒక మెలిక తిప్పి కట్టాడు. వాననీళ్ళు ఆ మెలిక దగ్గరే కారిపోతాయట. కొత్త ఎల్‌ఎన్‌బీ మళ్ళీ అతని సంచిలోకే వెళ్ళింది.