గాయబ్ కాదు, పతా మారింది

మా ఇళ్లలో వస్తువు కనబడకపోతే ఒకటే మాట. గాయబ్. చెంచా గాయబ్, చెప్పు గాయబ్, రేషన్ కార్డు గాయబ్. ఆ మాట అన్నాక ఇక తలాష్ చెయ్యబుద్ధి కాదు. కొమరోలులో నాది చిన్న డీటీపీ పని. పెళ్లి కార్డులు, కరపత్రాలు, దరఖాస్తులు. "భాయ్, నా ఫైలు గాయబ్" అంటూ వచ్చేవాళ్లకు లోటు లేదు. చాలాసార్లు ఫైలు ఎక్కడికీ పోయి ఉండదు. మనిషి ఒక పతా దగ్గర తలుపు కొడుతుంటాడు, ఫైలు ఇంకో పతాలో హాయిగా కూర్చుని ఉంటుంది.

ఈసారి గాయబ్ అయింది మా ఆపా చిన్నకొడుకు ఆటలో. స్కైరిమ్ అని కంప్యూటర్ ఆట. 2011 నవంబర్ 11న వచ్చింది, 2016లో స్పెషల్ ఎడిషన్ అని మళ్లీ వచ్చింది. ఇన్నేళ్లయినా అది బతికి ఉండటానికి పెద్ద వజహ్ మాడ్‌లు. ఆడేవాళ్లే కొత్త ఇళ్లు, కొత్త దుస్తులు, కొత్త వెలుతురు తయారుచేసి పంచుకుంటారు. నేను ఆట ఆడను. కానీ ఫైళ్ల మస్లా అంటే నాకు ఆట కంటే ఎక్కువ.

పెద్ద భాంజా దమ్మామ్‌లో పని చేస్తున్నాడు, రెండేళ్లయింది. వెళ్లకముందు అన్నదమ్ములిద్దరూ ఒకే కుర్చీ, ఒకే పాత్ర, రోజు విడిచి రోజు వంతులేసుకుని ఆడేవారు. మాడ్‌లన్నీ అమర్చింది పెద్దవాడు. వెళ్లేటప్పుడు అదంతా ఒక హార్డ్ డిస్క్‌లో వేసి తమ్ముడి చేతిలో పెట్టాడు. ఇప్పుడు చిన్నవాడికి కాలేజీ కోసం లాప్‌టాప్ వచ్చింది. డిస్క్ పెట్టి ఆట తెరిచాడు. సేవ్ లోడ్ చేయబోతే, ఈ సేవ్‌కు కావలసినవి కొన్ని ఇప్పుడు లేవని హెచ్చరిక. మాడ్ ఆర్గనైజర్‌లో ఆ సేవ్ మీద మౌస్ పెడితే లేని ఫైళ్ల పేర్లు కూడా చూపించింది. అవన్నీ ప్యాచ్‌లే.

"అవి లేకుండానే లోడ్ చెయ్" అని దోస్తులు అన్నారట. ఇంకొకడు అన్నీ తీసేసి మొదటి నుంచి ఇన్‌స్టాల్ చెయ్యమన్నాడట. ఈ రెండో సలహా అంటే నాకు చిరాకు. తాళంచెవి కనబడలేదని ఇల్లు కూలగొట్టే ఇలాజ్ అది. వాడు ఒప్పుకోలేదు. "భయ్యా వెళ్లే ముందు రాత్రి ఎక్కడ ఆపాడో అక్కడి నుంచే ఆడాలి మామూ" అన్నాడు. ఆ మాట విన్నాక నేనూ డిస్క్ ముందు కూర్చున్నాను.

ప్యాచ్ అంటే ఏమిటో ముందు తెలియాలి. రెండు మాడ్‌లు ఒకే గదిని ముట్టుకున్నాయనుకోండి. చివర లోడ్ అయినదాని మాటే చెల్లుతుంది, ముందుదాని మాట చప్పుడు లేకుండా పోతుంది. రెండింటి మధ్య సులహ్ కుదిర్చే ఫైలే ప్యాచ్. ఇందులో రెండు జాతులున్నాయి. ఒకటి యంత్రం చేసేది. రై బ్యాష్ అనే టూల్, మాడ్‌లన్నీ చదివి, ఏ పెట్టెలో ఏ వస్తువు దొరకాలి, ఏ శత్రువు చేతిలో ఏ కత్తి ఉండాలి అన్న జాబితాలను కలిపి బ్యాష్డ్ ప్యాచ్ రాసిస్తుంది. నెమెసిస్ అనేది పాత్రల కదలికల ఫైళ్లు పుట్టిస్తుంది. రెండో జాతి మనిషి చేసేది. ఎక్స్‌ఎడిట్ తెరిచి, ఈ వరుస ఈ మాడ్ నుంచి, ఆ వరుస ఆ మాడ్ నుంచి అని ఒక్కొక్కటీ తనే ఫైసలా చేసి రాసుకునేది. మొదటిది పోతే బటన్ నొక్కితే మళ్లీ పుడుతుంది. రెండోది పోతే ఆ రాత్రుల మెహనత్ పోయినట్టే. మాకు కనబడని పేర్లలో ఒకటి 'ఘర్'. అది పెద్దవాడు సొంతంగా రాసింది.

ఇక తలాష్. మొదట అడగాల్సింది: ఆ ఫైలు అసలు పుట్టిందా? టూల్ మధ్యలో ఆగిపోయి, పని అయిపోయిందని మనం అనుకునే సందర్భాలు ఉంటాయి. డిస్క్‌లో ప్రొఫైల్స్ అనే ఫోల్డర్ ఉంది. అందులో లోడ్ వరుస రాసి ఉండే చిన్న ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచాం. బ్యాష్డ్ ప్యాచ్ పేరు ఉంది, ఘర్ పేరూ ఉంది. పుట్టింది, లోడ్ అయింది కూడా. ఇక చావుబతుకుల సవాల్ పోయి, పతా సవాల్ మిగిలింది.

చిన్నవాడు అప్పటికే ఆట డేటా ఫోల్డర్ అంతా గాలించి ఉన్నాడు. అక్కడ దొరకదు. మాడ్ ఆర్గనైజర్ తరీఖా వేరు. అది ఆట అసలు ఫోల్డర్‌ను తాకదు. ప్రతి మాడ్‌నూ వేరే గదిలో పెట్టి, తన ద్వారా నడిపిన ప్రోగ్రామ్ ముందు మాత్రం ఒక పర్దా వేలాడదీస్తుంది. ఆ పర్దా మీద అన్నీ ఒకే డేటా ఫోల్డర్‌లో ఉన్నట్టు కనబడతాయి. టూల్ పాపం తాను డేటాలోనే రాస్తున్నానని అనుకుంటుంది. ఉన్న ఫైలును మారిస్తే మార్పు దాని గదిలోకే పోతుంది. కొత్త ఫైలు పుడితే దానికి గది ఉండదు కాబట్టి 'ఓవర్‌రైట్' అనే ఫోల్డర్‌లో పడుతుంది. ఎడమవైపు జాబితాలో అన్నిటికంటే అడుగున ఉంటుంది అది. విండోస్ నుంచి నేరుగా చూసేవాడికి ఈ పర్దా ఉండదు. ఉల్టా సంగతి కూడా ఉంది. టూల్‌ను డెస్క్‌టాప్ షార్ట్‌కట్ నుంచి నడిపితే దానికీ పర్దా ఉండదు, మాడ్‌లు కనబడవు, రాసింది నిజంగానే డేటాలో పడుతుంది.

ఇది మా వైపు వాళ్లకు కొత్త కథ కాదు. గిద్దలూరు, మార్కాపురం 1970 దాకా కర్నూలు జిల్లా. ఆ ఏడాది ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. మా దాదా ఒక పాత కాగితం కోసం ఒంగోలు తిరిగి తిరిగి, చివరికి కర్నూలు వెళ్లి తెచ్చుకున్నారని అబ్బా చెప్పేవారు. ఊరు కదల్లేదు, పొలం కదల్లేదు. కాగితం మాత్రం రాసిననాటి పతాలోనే ఉండిపోయింది.

ఖైర్, మన డిస్క్‌కు వద్దాం. అందులో మాడ్స్ ఉంది, ప్రొఫైల్స్ ఉంది, డౌన్‌లోడ్స్ ఉంది. వాటి పక్కనే ఉండాల్సిన ఓవర్‌రైట్ లేదు. యాంటీవైరస్ తీసుకెళ్లి బంధించిందేమోనని క్వారంటైన్ కూడా చూశాను, ఖాళీ. సంగతి అర్థమైంది. ప్రయాణం హడావుడిలో పెద్దవాడు ముఖ్యమనుకున్న మూడు ఫోల్డర్లు కాపీ చేశాడు. పుట్టిన ఫైళ్లన్నీ నాలుగోదాంట్లో ఉన్నాయి.

పాత కంప్యూటర్ ఆపా ఇంట్లో అటక మీద ఉంది, పవర్ సప్లై కాలిపోయి. దాని హార్డ్ డిస్క్ ఊడదీసి, కేబుల్‌తో లాప్‌టాప్‌కు తగిలించాం. ఒక నిమిషం పాటు డిస్క్ ఏమీ పలకలేదు. ఆ నిమిషం చిన్నవాడి మొహం నేను చూడలేదు, చూడబుద్ధి కాలేదు. తర్వాత డ్రైవ్ కనబడింది. ఓవర్‌రైట్ ఉంది. బ్యాష్డ్ ప్యాచ్, నెమెసిస్ ఫోల్డర్, ఘర్, అన్నీ ఉన్నాయి.

ఘర్ రెండు ఉన్నాయి. ఒకటి మామూలు పేరుతో. రెండోదాని పేరు చివర 'సేవ్' అనీ, తర్వాత తేదీ, సమయం అనీ తోక. ఆ తేదీ విమానానికి ముందు రాత్రిది.

ఇషా తర్వాత దమ్మామ్‌కు ఫోన్ చేశాం. అక్కడ మనకంటే రెండున్నర గంటలు వెనక, వాడు అప్పుడే డ్యూటీ దిగాడు.

"సలామ్ మామూ. ఆ రాత్రి కరెంట్ పోయింది కదా. ఎక్స్‌ఎడిట్ మూస్తున్నా, అప్పుడే."

ఎక్స్‌ఎడిట్ సేవ్ చేసేటప్పుడు ముందు ఈ తోక పేరుతో రాసి, మూసేటప్పుడు తోక కత్తిరించి అసలు పేరు పెడుతుంది. ఆ కత్తిరింపుకు ముందే కరెంట్ పోయింది. అంటే కొత్త ఘర్‌ను ఆట ఎన్నడూ చూడలేదు.

"అందులో ఏం మార్చావు బేటా?"

కాసేపు ఆగి చెప్పాడు. వైట్‌రన్ ఊళ్లో వాళ్ల పాత్రకు బ్రీజ్‌హోమ్ అని ఇల్లు ఉంది. ఇంటి మాడ్, వెలుతురు మాడ్ కొట్టుకుని గది చీకటి అయిపోయేది. "చీకటిగా ఉంది భయ్యా" అని చోటా రోజూ గొణిగేవాడట. దాన్ని సరిచేశాడు. పొద్దున చూపిద్దామనుకున్నాడు. పొద్దున సామాను, కారు, ఏడుపులు.

చోటా ఫోన్ దగ్గర ఏమీ అనలేదు.

కాపీ తీసి, కాపీకే తోక కత్తిరించి, ఎక్స్‌ఎడిట్‌లో తప్పుల తనిఖీ నడిపాం. కరెంట్ పోయిన ఫైలు కాబట్టి యకీన్ లేకుండా వాడకూడదు. సాఫ్‌గా వచ్చింది. సేవ్ తెరిస్తే పాత్ర ఇంటి గుమ్మం బయట నిలబడి ఉంది. లోపలికి వెళ్లాడు. గదిలో వెలుతురు ఉంది. వీడియో కాల్‌లో పెద్దవాడు "కొంచెం పచ్చగా ఉంది, తగ్గించాలి" అన్నాడు. పనిమంతుడు అంతే.

తర్వాత మాడ్ ఆర్గనైజర్‌లో 'అమానత్' అని ఖాళీ మాడ్ ఒకటి చేసి ఘర్‌ను అందులోకి మార్చాం. ఓవర్‌రైట్‌లో వదిలేస్తే ఇంకో చిక్కు కూడా ఉంది. దానిది అందరికంటే పైచేయి, పాత ఫైలు అక్కడ మిగిలితే కొత్త మాడ్‌ను చెప్పాపెట్టకుండా తొక్కేస్తుంది. టూల్ సెట్టింగుల్లో, పుట్టిన ఫైళ్లు ఓవర్‌రైట్‌కు కాక చెప్పిన మాడ్‌లోకే పోవాలనే టిక్ ఉంటుంది, రై బ్యాష్‌కు అది పెట్టించాను. ఘర్ కాపీ ఒకటి దమ్మామ్‌కు మెయిల్ చేశాం, ఒకటి నా డీటీపీ డిస్క్‌లో ఉంది. పాత బ్యాష్డ్ ప్యాచ్‌ను దాచలేదు. ఆదివారం చోటా కొత్తది పుట్టించుకున్నాడు, నేను చాయ్ తాగేలోపు అయిపోయింది.