కథల ఆట, కంఠస్వరం, ఒంటరితనం

వార్ధక్యంలో వచ్చే బాధలను లెక్కించమంటే వైద్యులం సాధారణంగా రక్తపోటు, మధుమేహం, మోకాళ్ళ నొప్పులు, కంటిశుక్లాలు అని వరుసగా చెప్పుకుపోతాం. ఒంటరితనం ఆ పట్టికలో చాలాకాలం చేరలేదు. దానికి రక్తపరీక్ష లేదు. చీటీ మీద వ్రాసి ఇవ్వడానికి మాత్ర లేదు. అయినా అది మనిషి ఆయుర్దాయాన్ని తగ్గిస్తుందనడానికి నేడు బలమైన ఆధారాలున్నాయి. 2010లో జూలియన్ హోల్ట్ లన్‌స్టాడ్, ఆమె సహచరులు 148 అధ్యయనాలను, అంటే మూడు లక్షలకు పైగా వ్యక్తుల వివరాలను, కలిపి పరిశీలించారు. చక్కని సామాజిక సంబంధాలు గలవారు అధ్యయన కాలంలో జీవించి ఉండే అవకాశం, అవి లేనివారితో పోలిస్తే, దాదాపు 50 శాతం ఎక్కువగా ఉన్నట్లు వారు గమనించారు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సామాజిక సంబంధాలపై ప్రత్యేకంగా ఒక కమిషన్‌నే నియమించింది.

"స్నేహితులతో కలసిమెలసి ఉండండి" అని సలహా చెప్పడం సులభం. కాని డెబ్బది దాటిన వారి స్నేహితులు ఎక్కడున్నారు? నా మిత్రులలో ఒకరు డెట్రాయిట్ సమీపంలో, ఒకరు బర్మింగ్‌హామ్‌లో, ఒకరు విశాఖపట్నంలో, ఒకరు అనంతపురంలో స్థిరపడ్డారు. నేను ఒంగోలులో ఉన్నాను. వైద్యకళాశాలలో కలసి చదువుకున్న ఈ అయిదుగురం ప్రతి ఆదివారం సాయంత్రం ఆరున్నరకు అంతర్జాలం ద్వారా మాటలతోనే కలుసుకొని ఒక ఆట ఆడుకుంటున్నాం. అప్పుడు డెట్రాయిట్‌లో ఉదయం, ఇంగ్లండులో మధ్యాహ్నం. ఎవరి నిద్రకూ భంగం ఉండదు. ఆ ఆటను గురించి, అది మాకు నేర్పిన ఒకటి రెండు వైద్య విషయాలను గురించి ఈ వ్యాసంలో వివరిస్తాను.

ఈ ఆట ఏమిటి?

దీనిని రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. తెలుగులో పాత్రధారణ క్రీడ అనవచ్చును. మేము మాత్రం కథల ఆట అని పిలుచుకుంటాం. ఒకరు కథను నడుపుతారు. మిగిలినవారు తలా ఒక పాత్రను ధరిస్తారు. "మీరు అడవిలో ఒక శిథిలమైన సత్రం చేరారు. లోపల దీపం వెలుగుతున్నది. ఏమి చేస్తారు?" అని కథకుడు అడుగుతాడు. ప్రతివారూ తమ పాత్రకు తగినట్లు జవాబు చెబుతారు. చేయదలచిన పని కష్టమైనదయితే దాని ఫలితాన్ని పాచిక నిర్ణయిస్తుంది. గెలుపు, ఓటమి అని చివర లెక్క చెప్పడం ఉండదు. కథ ముందుకు సాగడమే ఆట.

మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలు చదివినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. మజిలీ మజిలీకి మణిసిద్ధుడు కథ చెబుతుంటే గోపాలుడు విన్నాడు. ఈ ఆటలో గోపాలుడు కూడా కథలోకి దిగి, "నేను ఆ తలుపు తీయను, కిటికీలోనుంచి తొంగిచూస్తాను" అనవచ్చును. అదే తేడా.

దీని పుట్టుపూర్వోత్తరాలు ఆసక్తికరమైనవి. 19వ శతాబ్ది ఆరంభంలో ప్రష్యా సైన్యాధికారులు పటాల మీద యుద్ధాన్ని అభ్యసించడానికి ఒక ఆటను రూపొందించుకున్నారు. ఆ పరంపరలో వచ్చిన యుద్ధక్రీడల నుంచి, అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటను వెలువరించారు. మొదట అచ్చువేసినవి వెయ్యి ప్రతులు మాత్రమే. సైన్యాలను నడపడానికి బదులు ఒక్కొక్క ఆటగాడు ఒక్కొక్క మనిషిగా ఉండడం అందులోని కొత్తదనం. 1980వ దశకంలో ఈ ఆట యువకులను ఆత్మహత్యలకు పురికొల్పుతున్నదని అమెరికాలో పెద్ద ఆందోళన జరిగింది. తరువాతి పరిశీలనలలో అటువంటి కార్యకారణ సంబంధం రుజువు కాలేదు. ఇంకొకరి పాత్రను ధరించడం మనస్సుకు హాని అన్న భయం వైద్యులకు కొత్తగా తోచదు గాని, వియన్నాలో జాకబ్ మొరీనో ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్ళలోనే పాత్రధారణను మానసిక చికిత్సలో ఉపయోగించడం ఆరంభించాడన్న సంగతిని మరువరాదు.

మా బిడారు

2020లో దేశమంతా ఇళ్ళలో బందీ అయిన రోజులలో డెట్రాయిట్ మిత్రుడు ఈ ప్రతిపాదన తెచ్చాడు. వాడి మనుమరాలు ఈ ఆట ఆడుతుంది. "ఒరేయ్, రోజూ కోవిడ్ లెక్కలు చెప్పుకొని ఏం లాభం? ఒక కథ మొదలుపెడదాం" అన్నాడు. విశాఖపట్నంలోని మా సహాధ్యాయిని, ప్రసూతి వైద్యురాలు, కథ నడిపే బాధ్యత తీసుకున్నది. పరాయి దేశపు కోటలు, రెక్కల సర్పాలు మాకు పట్టుబడవని ఆమె కాకతీయుల కాలాన్ని ఎన్నుకున్నది. గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో సముద్ర వర్తకులకు అభయ శాసనం వేయించాడు. ఆ రేవులో దిగిన కర్పూరం, ముత్యాలు, పట్టు బండ్లకెత్తుకొని ఓరుగల్లు చేరవలసిన ఒక బిడారు మాది. అనంతపురంలోని శస్త్రవైద్యుడు గజదొంగ పాత్ర కోరుకున్నాడు. బర్మింగ్‌హామ్‌లోని మానసిక వైద్యుడు ఎవరి మాటా వినని గుర్రాల వర్తకుడు. డెట్రాయిట్‌లోని మత్తువైద్యుడు వాగుడుకాయ అయిన భాగవతుడు. జీవితమంతా మనుషులను నిద్రపుచ్చి విసిగిపోయానంటాడు. నేను బండ్లు తోలేవాణ్ణి.

ఓరుగల్లు ఇంతవరకు చేరలేదు. చేరవలసిన తొందర మాలో ఎవరికీ లేదు.

పాచిక చెప్పే పాఠం

అష్టాచమ్మాలో గవ్వలు, వైకుంఠపాళిలో పాచికలు మనకు పరిచయమే. ఈ ఆటలో ఇరవై ముఖాల పాచిక ప్రధానం. మనిషి బలం, చురుకుదనం, దేహదారుఢ్యం, తెలివి, వివేకం, ఆకర్షణ అనే ఆరు గుణాలకు అంకెలుంటాయి. పాచికలో పడిన సంఖ్యకు ఆ గుణం వల్ల వచ్చే అదనాన్ని కలిపి, కార్యం నెరవేరినదీ లేనిదీ తేలుస్తారు. ఏ ముఖమైనా పడే అవకాశం ఇరవైలో ఒకటి, అంటే 5 శాతం.

వైద్యులకు ఈ సంఖ్య చిరపరిచితం. ఔషధ పరీక్షలలో ఒక ఫలితాన్ని కేవలం కాకతాళీయం కాదని పరిగణించడానికి వాడుకలో ఉన్న హద్దు కూడా ఇదే 5 శాతం. ఇరవైలో ఒకటి అంటే జరగనట్లే అని చాలామంది అనుకుంటారు. ఒక సాయంత్రం నలభై సార్లు పాచిక వేసి చూడండి. అది ఎంత తరచుగా పలకరిస్తుందో తెలుస్తుంది. "ఈ శస్త్రచికిత్సలో నూటికి అయిదుగురికి ఇబ్బంది రావచ్చు" అని చెప్పినప్పుడు రోగికి ఏమి చెబుతున్నామో నాకు ఏ గణాంక గ్రంథం కంటె ఈ పాచిక స్పష్టంగా చూపింది.

ముఖం కనబడని సంభాషణ

మేము ఒకరినొకరు చూసుకోము. మాట మాత్రమే. మొదట ఇది లోపమనిపించింది. నెమ్మదిగా ఇదే మేలనిపించింది. కళ్ళకు శ్రమ లేదు, కుర్చీకి అతుక్కొని కూర్చోనక్కరలేదు, అంతర్జాల వేగం తక్కువైనా సరిపోతుంది. అంతకంటె ముఖ్యం, చూపు లేనప్పుడు చెవి మేలుకుంటుంది. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ క్రౌస్ 2017లో ప్రచురించిన ప్రయోగాలలో, గొంతు మాత్రమే విన్నవారు ఎదుటివారి మనోభావాలను, చూస్తూ విన్నవారి కంటె సరిగా పసిగట్టగలిగారు. ప్రతివారం అదే గొంతు వింటుంటే అందులోని చిన్న మార్పు కూడా తెలిసిపోతుంది. ఆయాసం, బొంగురు, మాట తడబాటు, పార్కిన్సన్స్ వ్యాధిలో వలె స్వరం క్రమంగా సన్నగిల్లడం మొదలైనవి నెలకొకసారి కుశలప్రశ్నలు వేసుకునేవారికి దొరకవు.

అనంతపురం మిత్రుని సంగతి ఇక్కడ చెప్పాలి. అతని అనుమతితోనే వ్రాస్తున్నాను.

అతని భార్య మరణించి రెండేళ్ళయింది. పెద్ద ఇంట్లో ఒక్కడే ఉంటాడు. కుమారుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. ఒకనాడు ఆ అబ్బాయి నాకు ఫోను చేశాడు. "బాబాయ్ గారూ, నాన్నకు మతిమరుపు మొదలైనట్లుంది. పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి చెప్పలేదంటారు. ఒకటడిగితే ఇంకొకటి చెబుతున్నారు. పెళ్ళిళ్ళకు రమ్మంటే రారు. బ్యాంకు లావాదేవీలు నేను చూసుకుంటాను. ఇల్లు అమ్మేసి ఇక్కడికి తెచ్చుకుందామనుకుంటున్నాం" అన్నాడు. అతని ఆందోళన నిజమైనది. తప్పుపట్టడానికి లేదు.

అయితే ఆ ముందటి ఆదివారమే ఆటలో ఒక సంగతి జరిగింది. బిడారు ఒక పల్లెలో ఆగగా, ఒక యువకుడు మా గుర్రాలను పట్టుకొని విడవలేదు. కారణమేమిటో మా ముగ్గురికీ తోచలేదు. గజదొంగ గొంతు సవరించుకున్నాడు. "ఏమప్పా, మరచిపోతిరా? కృష్ణ దాటేటప్పుడు పడవవానికి మూడు మాడలు బాకీ పెట్టి వస్తిమి. వాని తమ్ముడు ఈ ఊర్లోనే ఉండాడని వాడే చెప్పినాడు గదా. బాకీ తీర్చండి, గుర్రాలు వస్తాయి" అన్నాడు. పడవవాని ప్రస్తావన మూడు వారాల కిందటిది. కథ నడుపుతున్న ఆవిడకు తప్ప ఇంకెవరికీ గుర్తులేదు.

వైద్యులు డిమెన్షియా అని పిలిచే మతిక్షీణతలో, ముఖ్యంగా అల్జీమర్స్ వ్యాధిలో, సాధారణంగా మొదట దెబ్బతినేది కొత్త విషయాలను నిలుపుకునే శక్తి. మూడు వారాల కిందట విన్న కల్పిత విషయాన్ని నిలుపుకొని, సమయానికి వెలికితీసి, దాని నుంచి తర్కించిన వ్యక్తి ఇంట్లో పొద్దున చెప్పిన మాటను ఎందుకు మరచిపోతాడు? ఒక సంగతి మరచిపోవాలంటే ముందు అది వినబడాలి.

ఆటలో అతడు చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుంటాడు. ఒకరు మాట్లాడేటప్పుడు మిగిలినవారు మౌనంగా ఉంటారు. ఇంట్లోనో, పైన పంకా తిరుగుతుంటుంది, టీవీ మోగుతుంటుంది, కొడుకు కోడలు వచ్చినప్పుడు పక్కగదిలోనుంచి పలకరిస్తారు. వయస్సుతో వచ్చే చెవుడు మొదట ఎక్కువ పౌనఃపున్యం గల ధ్వనులను హరిస్తుంది. స, శ, ఫ, త వంటి హల్లులు జారిపోతాయి, అచ్చులు నిలుస్తాయి. అందుచేత మాట్లాడుతున్నట్లు తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. మళ్ళీమళ్ళీ అడగడానికి నామోషీపడి తోచిన జవాబు చెబుతారు. జనం చేరిన చోటికి పోవడం మానేస్తారు. చూసేవారికి ఇది మతి తప్పినట్లే ఉంటుంది.

ఆట జ్ఞాపకశక్తి పరీక్ష కాదు. దానిని బట్టి రోగనిర్ణయం చేయరాదు. కనుక వినికిడి పరీక్ష, జ్ఞాపకశక్తి పరీక్ష, థైరాయిడ్, విటమిన్ బి12 పరీక్షలు అన్నీ చేయించమని ఆ అబ్బాయికి చెప్పాను. రెండు చెవులకూ మధ్యస్థాయి వినికిడి లోపం ఉన్నట్లు తేలింది. జ్ఞాపకశక్తి వయస్సుకు తగినట్లే ఉన్నది. భార్యావియోగం వల్ల కలిగిన దిగులు కూడా కొంత ఉన్నదని వైద్యులు గుర్తించి, తగిన సలహా ఇచ్చారు. వినికిడి యంత్రానికి మాత్రం మా శస్త్రవైద్యుడు ఒప్పుకోలేదు. "అది పెట్టుకుంటే ముసలివాణ్ణని ఊరంతా చాటినట్లే" అన్నాడు. "చీకట్లో కావలివాని అడుగుల చప్పుడు వినబడని దొంగను మా బిడారులో ఉంచుకోం" అని మా కథకురాలు తీర్పు చెప్పింది. మరుసటి నెలలో యంత్రం వచ్చింది. అలవాటు పడడానికి ఇంకొక రెండు నెలలు పట్టింది. ఇల్లు అమ్మకానికి పెట్టలేదు. బ్యాంకు పుస్తకం అతని చేతిలోనే ఉన్నది.

2024లో లాన్సెట్ కమిషన్ మతిక్షీణతకు దారితీసే, మనం మార్చుకోదగిన 14 కారణాలను పేర్కొన్నది. వాటిలో వినికిడి లోపం, సామాజిక ఏకాంతం రెండూ ఉన్నాయి. ఒకటి మరొకదానిని ఎలా పెంచుతుందో మా మిత్రుని ఇంట్లో చూశాం.

కొన్ని జాగ్రత్తలు

ఈ ఆట ఔషధమని నేను చెప్పడం లేదు. దీనిపై జరిగిన పరిశోధనలు చిన్నవి. మేలు చేసేది పాచిక కాదని నా అభిప్రాయం. నిర్ణీతమైన వేళ, నీకోసం ఎదురుచూసే నలుగురు, నీవు లేకపోతే ముందుకు కదలని కథ, ఈ మూడే మేలు చేస్తాయి. ఆసక్తి గలవారు ఈ విషయాలను గమనించండి.

రెండు గంటలకు మించి ఆడవద్దు. నలభై అయిదు నిమిషాలకొకసారి లేచి నాలుగు అడుగులు వేయండి. మంచినీళ్ళు, మందుల వేళ మరువవద్దు.

హెడ్‌ఫోను శబ్దాన్ని తగ్గించి పెట్టుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం పెద్దలకు 80 డెసిబెల్స్ స్థాయిలో వారానికి 40 గంటలు హద్దు.

తెలిసినవారితోనే ఆడండి. అపరిచితులు బృందంలో చేరి డబ్బు గాని, ఓటీపీ గాని అడిగితే వెంటనే తెంచుకోండి.

ఆట కోసం నిద్ర, నడక, ఇంటివారితో మాటలు మానుకునే స్థితి వస్తే ఆపివేయండి.

అంతర్జాలం లేనివారు మామూలు ఫోనులోనే నలుగురు కలసి మాట్లాడుకోవచ్చును. పాత్రలు, పాచికలు రుచించకపోతే వంతులవారీగా తలా ఒక కథ చెప్పుకోండి.

దిగులు, నిద్రలేమి, దేని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు మించి ఉంటే ఆటతో సరిపెట్టుకోక వైద్యుని సంప్రదించండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వ టెలి మానస్ సంఖ్య 14416. వయోవృద్ధుల సహాయ కేంద్రం 14567.

పిల్లలు దూరాన ఉన్న పాఠకులకు, తల్లిదండ్రులు దూరాన ఉన్న పాఠకులకు ఒక మనవి. పెద్దవారు పొంతన లేని జవాబు చెప్పినప్పుడు, మతి పోయిందని నిర్ణయించుకోక ముందు, పంకా ఆపి, ఎదురుగా కూర్చొని, అదే మాట నిదానంగా మరొకసారి అడిగి చూడండి. ఆపైన వినికిడి పరీక్ష చేయించండి. దానికి పట్టేది అరగంట.