మధుమేహమును పంటిపుండును

చక్కెరజబ్బు గలవారు పన్ను తీయించుకొనరాదనియు, తీయించుకొన్నచో నా పుండు జన్మకు మానదనియు మా కడప, కర్నూలు ప్రాంతములలో నొక మాట పాతుకొనియున్నది. ఈ మాటకు జడిసి పుచ్చిపన్నును నోటనుంచుకొని రాత్రులు మేలుకొను పెద్దవారు మా వీధిలోనే నలుగురు కలరు. పుట్టినింట మా నాయనగారి యొద్ద నేను చదివిన గ్రంథములలో సుశ్రుతసంహిత యొకటి. మధుమేహము గలవారి వ్రణములు కష్టముమీద మానునని అందు సూత్రస్థానమున నున్నది. కష్టముమీద నన్నాడే గాని, మానవని యా మహానుభావు డనలేదు.

మా యత్తగారికి మధుమేహము వచ్చి పండ్రెండేండ్లైనది. నిరుడు మాఘమాసమున ఆమెకు క్రిందిదవడ పన్నొకటి పుచ్చి, చిగురు వాచి, చీము పట్టెను. లవంగనూనెతోను ఉప్పునీటితోను నాలుగు నెలలు గడిపిరి. ఆ నాలుగు నెలలును, అన్నము సగమునకు సగము తగ్గించినను, నెత్తుటిలోని చక్కెర దిగిరాలేదు. దేహమున నెచ్చట చీము నిలిచినను చక్కెరను పెంచు హార్మోనులు విజృంభించునట. చక్కెర పెరిగినకొలది చీము నెదిరింపవలసిన తెల్లకణములు చేవ చచ్చునట. ఒకదాని కొకటి ఆజ్యము పోయుచున్నదన్నమాట. కావున పుచ్చిపన్నును తీయింపకుంట క్షేమమను తలంపు తలక్రిందులైనది.

సోదరీమణులారా, పన్ను తీసిన గుంటలో జరుగు పని తెలిసికొనదగినది. మొదట నెత్తురు గడ్డకట్టును. ఆ గడ్డయే కట్టు, ఆ గడ్డయే పునాది. కొలది దినములలో దానియందు క్రొత్త రక్తనాళములును మెత్తని కండయు పుట్టును. కొన్ని వారములకు పైన చిగురు మూసికొనును. లోపల నెముక నిండుటకు నెలలు పట్టును. చక్కెర మితిమీరిన దేహమున సన్ననాళములు చెడి నెత్తురు చక్కగా నందదు. కండకు నారవంటిదగు కొల్లాజెన్ సరిగా కుదురదు. మధుమేహము కలిగించిన యెలుకలకు పన్ను తీసి పరీక్షించిన శోధకులకును ఈ లోపమే కనబడినది. చక్కెర అదుపులో నున్నవారికి మాత్రము సామాన్యముగా ఇతరులకువలెనే మానును.

కర్నూలులో మేము చూపించుకొన్న వైద్యురాలు చీమునకు మందిచ్చి, చక్కెర దిగువరకు ఇన్సులిన్ సూది వేసికొనుమనిరి. మా యత్తగారికి పంటికన్న సూదియన్ననే భయము. “సూది పట్టుకుంటే ఇంక చచ్చేదాకా వదలదంట గదమ్మా!” అనిరి. ఇన్సులిన్ బయటి విషము కాదు. మన కడుపులోని క్లోమము తాను చేయు హార్మోనే. నెత్తుటిలోని చక్కెరను కణములు గ్రహించునట్లు చేయుట దాని పని. క్లోమము దానిని బొత్తిగా చేయలేని వారికి సూది జీవితాంతము వలయును. కొందరికి జ్వరమో, చీమో, శస్త్రచికిత్సయో తటస్థించినప్పుడు మాత్రమే వలయును. ఆమె రెండవ జాతివారని వైద్యురాలు చెప్పిరి.

బడిపంతులుగారైన మావారు పాఠము చెప్పినట్లే తల్లికి దాని కథ చెప్పిరి. 1921లో కెనడాదేశపు టొరంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు జంతువుల క్లోమమునుండి దీనిని రాబట్టిరి. కాలిప్ అను నాతడు శుద్ధిచేసెను. 1922 జనవరిలో లెనార్డు థాంసన్ అను 14 ఏండ్ల బాలుని కిచ్చిరి. అంతకుముందు అట్టి పిల్లలకు పస్తులుంచుటయే వైద్యము! అంతయు విని మా యత్తగారు, “జంతువులదంటివే, అది మన యింట్లోకా?” అని ముఖము త్రిప్పుకొనిరి. 1982 నుండి మానవ ఇన్సులిన్‌నే సూక్ష్మజీవులచేత చేయించి అమ్ముచున్నారని చెప్పిన పిదపగాని ఒప్పుకొనలేదు. ఒప్పుకొన్నది మొదలు నా చేతనే వేయించుకొనిరి.

పన్ను తీయు దినమున ఉపవాసముతో రావలదనియు, ఫలహారముచేసి, సూది వేసికొని, ఉదయముననే రమ్మనియు చెప్పిరి. తీయుట నిమిషములలో ముగిసెను. ఇల్లు చేరిన పిమ్మటనే యసలు గండము. నోరు నొచ్చి తిండి దిగదు. వేసిన సూది తన పని మానదు. ఆ సాయంకాలము నాలుగింటికి ఆమెకు నుదుట చెమటపట్టి చేతులు వణకెను. యంత్రముతో చూడగా 64. 70కి దిగువ యన్న నపాయమే. మూడు చెంచాల చక్కెర నీటకలిపి మెల్లగా త్రాగించితిని. పావుగంటకు 92 అయ్యెను. “చక్కెరజబ్బు మనిషికి చక్కెర పోసినావా తల్లీ!” అని ఆమె నవ్విరి. తిండి లేనప్పుడు సూదియే మానివేయరాదా యని పొరుగింటి పెద్దమ్మ సలహా. మానినచో చక్కెర మరల పెరిగి పుండు చెడును. తిండి తగ్గినపు డెంత మోతాదు వేయవలెనో వైద్యుల నడిగి ముందే వ్రాయించుకొనుట మేలు.

గుంటలో పసుపు, లవంగము, తుదకు పొగాకు సయితము కుక్కుట మా వైపు వాడుక. అందేదియు పెట్టరాదు. మొదటి దినము పుక్కిలించుటగాని గట్టిగా నుమియుటగాని కూడదు, గడ్డ ఊడిపోవును. మరునాటినుండి గోరువెచ్చని ఉప్పునీరు మెల్లగా. అరగంట కొకమారు ఆకువక్క వేయు మనిషి నాపుట సూది వేయుటకన్న కష్టమైనది!

భోజనము మాట. రాగి చక్కెరజబ్బునకు మందని చెంబులకొలది జావ త్రాగువారిని చూచుచున్నాను. రాగియు ధాన్యమే, పలుచని జావ గట్టిసంగటికంటె త్వరగా చక్కెరను పెంచును. మెత్తని సంగటి కొలతగా పెట్టి, పప్పు, పెరుగు హెచ్చించితిని. పుండు పూడుటకు మాంసకృత్తులు వలయును.

అవి రోహిణీకార్తె దినములు. 40 డిగ్రీల యెండ. తెరవని ఇన్సులిన్‌సీసాను ఫ్రిజ్జులో 2 మొదలు 8 డిగ్రీల నడుమ నుంచవలెను, గడ్డకట్టినచో పారవేయవలసినదే. మాకు కరెంటు పోయినప్పుడెల్ల, రెండు మట్టికుండల నడుమ తడియిసుక పోసి, లోపలికుండలో సీసాను తడి తగులకుండ దాచితిమి.

మూడవ వారమునకు చిగురు మూసికొనెను. రెండు నెలలకు సూది నాపి, మాత్రలతో నడుపుమనిరి. మొన్న మా యత్తగారు జొన్నరొట్టె నమలుచు, పైవరుసలో మరియొకటి కదలుచున్నదని చెప్పి, కర్నూలికి బస్సెన్నింటికని యడిగిరి.