మా వంటింటి అద్దపు తలుపు

ఇంటిలో నొక వస్తువు పగిలినప్పుడు మనము మొదట చేయు పని దానిని బాగుచేయుట కాదు, కనబడకుండ కప్పుట. నేనును అట్లే చేసితిని. దాని ఫలమును నేను గాక మఱియొకరు అనుభవించిరి. చెప్పుకొనుటకు సిగ్గుగా నున్నను, మీలో నొకరికైనను ఉపయోగపడునని యీ సంగతి వ్రాయుచున్నాను.

మేము హైదరాబాదులోని ఫిలింనగరునందు కాపురముందుము. జూబిలీహిల్సును ఆనుకొనియున్న యీ వాలునందు ఒకప్పుడు రాతిగుట్టలే కాని యిండ్లు లేవు. చెన్నపట్టణమున పెరిగిన తెలుగు చిత్రపరిశ్రమ క్రమక్రమముగా నిటు తరలివచ్చినది. 1970వ దశకమున అక్కినేని నాగేశ్వరరావుగారు యీ కొండలలో అన్నపూర్ణా స్టూడియోను నెలకొల్పిరి; తరువాత రామానాయుడుగారి స్టూడియో ఫిలింనగరులోనే వెలసినది. వానితోపాటు తారల మేడలును, ఆ మేడల ప్రక్కనే పనివాండ్ర బస్తీలును వచ్చినవి. ఒకే వీథిలో నిటు ఎత్తైన ప్రహరీగోడ, అటు రేకుల యిండ్లు. మా యింట పనిచేయు నామె ఆ బస్తీనుండియే వచ్చును.

మా వంటగదిలో పొయ్యికి దాపుగా గోడకు బిగించిన చెక్క అల్మర కలదు. దానికి రెండు అద్దపు తలుపులు. మా అమ్మ యిచ్చిన పింగాణి జాడీలును, అతిథులు వచ్చినప్పుడు తీయు గాజు గ్లాసులును అందుండును. క్రిందటి సంక్రాంతికి ముందు అరిసెల పాకము పట్టుటకై ఇత్తడి గిన్నెను దింపుచుండగా, దాని అంచు తగిలి ఎడమ తలుపు క్రింది మూలనుండి రెండంగుళముల బీట పడినది. తగిలించినది నా చేయి, చూచినదియు నేనొక్కతెనే. పండుగ పనులలో ఎవరిని పిలుతును? టేపు ముక్క యొకటి అతికించి, దానిపై క్యాలెండరునుండి కత్తిరించిన పూలబొమ్మ నంటించితిని. చూచిన బంధువులు బాగున్నదనిరి కూడ.

ఉగాది నాటికి ఆ గీత బొమ్మను దాటి పైకి వచ్చినది. వేసవి నడుమకు తలుపులో సగమువఱకు ప్రాకినది. నేను మఱల తగిలింపలేదు గదా, మఱి యెవరు? పనియామె తలుపు విసరి వేయుచున్నదని నా మనస్సు తానే తీర్పు చెప్పినది. ఒకనాడు అడుగనే యడిగితిని. ఆమె చేతిలోని గిన్నె క్రింద పెట్టి, "నేను గట్టిగ ఏసుడు లేదమ్మా, మెల్లగనే ఏస్తున్న" అన్నది. నేను బదులు చెప్పలేదు. ఆ ఊరకుండుటలో నమ్మలేదను మాట యున్నదని ఆమెకు తెలియకపోదు.

ఆషాఢములో మా ఆడపడుచు వచ్చు దినమున అద్దములు తుడువుమని చెప్పితిని. తడిగుడ్డ తగిలి ఎండిన టేపు ఊడినది. అద్దపు ముక్క జారి ఆమె అరచేతిని కోసినది. నేను ముందుగదిలో నుంటిని. ఒక్క కేకయు వినబడలేదు. కొంతసేపటికి వంటగదిలోనికి పోగా, ఆమె యెడమచేతితో నేలమీది ముక్కల నేరుచున్నది. కుడిచేయి కొంగులో చుట్టియున్నది. కొంగు ఎఱ్ఱబడినది.

"ఏం కాలేదమ్మా, జర గీరుకున్నది. అద్దం పైసలు జీతంల పట్టుకోండ్రి" అన్నది.

నొప్పికంటె ముందు ఆమెకు తోచినది జీతపు కోత. ఆ మాటకు కారకురాలను నేనే.

వైద్యుడు నాలుగు కుట్లు వేసి, పది దినములు చేయి తడుపరాదనెను. అంట్లు తోమి బ్రతుకు మనిషికి అది యెట్టి మాటయో ఆలోచింపుడు. మా యిల్లు గాక ఆమెకు మఱి రెండిండ్లు కలవు. మా యింటి జీతము తగ్గింపక, ఆ యిండ్లలో పోయిన దినముల సొమ్మును కూడ మేమే చెల్లించితిమి. దానిని దయ యనుటకు వీలులేదు. అది మేము పడిన బాకీ.

మా క్రింది అంతస్తున నొక పెద్దాయన కలరు. సినిమా కళావిభాగమున నలువదేండ్లు సెట్లు కట్టి యిప్పుడు విశ్రాంతి గొనుచున్నారు. వారిని పిలుచుకొని వచ్చి తలుపు చూపితిని. గీత వెంట వ్రేలు తగులకుండ చూచి, "అమ్మాయీ, దీన్ని ఎవరూ మళ్లీ కొట్టనక్కరలేదు. గాజులో బీట పడితే అది తనంతట తానే నడుస్తుంది" అనిరి.

"అదెట్లా బాబాయిగారూ?" అంటిని.

వారు చెప్పినదానిని, పిదప నేను చదివి తెలిసికొన్నదానిని కలిపి వ్రాయుచున్నాను. పగుళ్లు లేని గాజు మిక్కిలి గట్టిది. కాని చిన్న బీట పడినచో, తలుపుమీద పడు ఒత్తిడియంతయు ఆ బీట కొనయందే కూడుకొనును. గ్రిఫిత్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1921లో ఈ విషయమును లెక్కలతో నిరూపించెను. గాలిలోని తేమయు ఆ కొనలోనికి చేరి గాజులోని బంధములను మెల్లగా తెంచునని తరువాతివారు కనుగొనిరి. ఇక వంటగదిలో తేమకు కొదువ యేమి? కుక్కరు ఈల వేసినప్పుడెల్ల ఆవిరి. పొయ్యి సెగకు అద్దము నడుమ వేడెక్కి సాగును. చట్రములో దాగిన అంచు చల్లగా నుండి సాగనీయదు. ఈ లాగులాటలో గీత నెలకు కొంత ముందుకు జరుగును.

కావున నేను తప్పుపట్టిన మనిషి చేసిన తప్పేమియు లేదు. బీటకు దారి వేసినది నా గిన్నె. నడిపించినది నా వంట ఆవిరి.

పెద్దాయన నవ్వి, "తెరమీద హీరో దూకి పగలగొట్టే అద్దం వేరమ్మా" అని మఱియొక ముచ్చట చెప్పిరి. పూర్వము చిత్రములలో పగులగొట్టుటకై చక్కెరతో అద్దము చేసెడివారట. చక్కెరను సుమారు 150 డిగ్రీల వేడివఱకు కాచి, మన ఉండపాకముకంటెను ముదురనిచ్చి, పలుచగా పోసి చల్లార్చినచో గాజువలె నుండును. పగిలినను మనిషిని అంతగా కోయదు. తేమ తగిలిన జిగురుపట్టును గనుక వెంటనే వాడవలయును. ఇప్పుడు దాని బదులు ఒకవిధమైన రెజినును వాడుచున్నారు. పగులుటకే చేసిన అద్దమునకు వారట్టి జాగ్రత్త పడుచుండగా, నిజమైన అద్దమును నేను పూలబొమ్మకు అప్పగించితిని!

బీట మిక్కిలి చిన్నదై, అంచును తాకక నడుమనే యున్నచో, రెండు పాళ్లు కలుపు ఎపాక్సీ జిగురు నింపవచ్చునట. కాని పూర్వపు బలము రాదు. అంచునుండి బయలుదేరిన బీటకు అద్దము మార్చుటయే మార్గము. టేపు మార్చువఱకు పట్టియుంచుటకే గాని మందు కాదు.

ఆ పని మేమిద్దరమును ఇంటనే చేసితిమి. పిల్లలను బయటికి పంపి, మందపు చేతితొడుగులును చెప్పులును వేసికొంటిమి. మిగిలిన అద్దమునకు రెండు వైపుల అడ్డదిడ్డముగా టేపు వేసి, మడతబందుల స్క్రూలు విప్పి, తలుపును దుప్పటిమీద పరుండబెట్టితిమి. అద్దమును పట్టియుంచు సన్నని చెక్కబద్దలను పాత చాకుతో మెల్లగా లేపితిమి. అవి విఱుగకున్న మఱల పనికివచ్చును. పాత లప్పమును గీకి గాడిని శుభ్రపఱచితిమి. గాడి వెడల్పును పైన, నడుమ, క్రింద. ఎత్తును ఎడమ, కుడి కొలిచి, అన్నిటికంటె తక్కువైన కొలతనుండి మూడు మిల్లీమీటర్లు తగ్గించితిమి. వేడికి సాగుటకు అద్దమునకు ఆ చోటు కావలయును.

ఈమాఱు టఫెన్డు అద్దమును చేయించితిమి. దానిని 600 డిగ్రీలకు పైగా కాచి గాలితో చప్పున చల్లార్చుదురు. అది మామూలు అద్దముకంటె పలురెట్లు గట్టిది. పగిలినను కత్తులవంటి ముక్కలు కాక చిన్న పలుకులగును. కాని తయారైన పిమ్మట దానిని కోయుటకు వీలులేదు. కొలత తప్పినచో అద్దము వృథా. కొత్త అద్దమును సిలికాను జిగురుతో కూర్చి, బద్దలు బిగించి, ఒక దినము కదపక యుంచితిమి. ఆ జిగురుకు సిర్కావంటి ఘాటైన వాసన యుండును గనుక కిటికీలు తెఱచియుంచవలయును.

పాత ముక్కలను చెత్తబుట్టలో వేయబోయి ఆగితిని. బండివాడును చేతితోనే ఎత్తును గదా! నాలుగు పొరల వార్తాపత్రికలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, పైన "పగిలిన అద్దము" అని పెద్ద అక్షరములతో వ్రాసి, అతని చేతికే చెప్పి యిచ్చితిని.

పది దినములకు ఆమె పనికి వచ్చినది. తలుపు ముందు నిలిపి, "ఆ బీట నా చేతి గిన్నె తగిలి పడింది. నువ్వు తలుపు విసిరావనుకున్నాను. తప్పు నాది" అంటిని. ఆమె నా ముఖమువంక కొంచెముసేపు చూచి, "గప్పుడే చెప్పిన గదమ్మా" అన్నది. పిదప ఆ కొత్త తలుపును కుట్లు మానిన చేతితో తెఱచి మూసినది. చప్పుడు కాలేదు.

సోదరీమణులారా! మీ యింట నే గాజు తలుపుమీదనైన టేపు గాని, బొమ్మ గాని కప్పియున్నచో నేడే తీసి చూడుడు. దానిని రోజును తుడుచు చేయి సాధారణముగా మనది కాదు.